లాన్ వైరు పెడితే నా లాప్‌టాప్‌కు నెట్ వస్తలేదు

అన్నలూ, జర చెప్పుండ్రి. మాది మిర్యాలగూడ. రౌటరు కింద హాల్లో ఉంది, నా గది మిద్దె మీద. కిటికీలకెళ్లి 20 మీటర్ల లాన్ వైరు గుంజిన. వైఫై మంచిగనే వస్తది, వైరు పెడితేనే లొల్లి. పోర్టు కాడ పచ్చలైటు వెలుగుతది గని ఐపీ (నెట్‌వర్క్‌ల లాప్‌టాప్‌కు ఉండే అడ్రస్ నంబరు) 169.254తోని మొదలైతది. అంటే రౌటరు అడ్రస్ ఇస్తలేదనే కదా?

అదే వైరు తమ్ముని లాప్‌టాప్‌కు పెడితే నెట్ వస్తది, కాకపోతే స్పీడు 100 ఎంబీపీఎస్ దాటదు. వైరు లోపలి ఎనిమిది తీగలల్ల నాలుగే పనిచేస్తున్నయని నా అనుమానం. కిటికీ రెక్క సందుల నలిగి వైరు తొక్క తెల్లగైంది.

నా లాప్‌టాప్‌ల లాన్ డ్రైవరు (ఆ పోర్టును నడిపే సాఫ్ట్‌వేరు) తీసేసి మళ్ల ఎక్కించిన. ఐపీ ఆటోమేటిక్‌లనే ఉంది. షాపాయన కొత్త లాప్‌టాప్ కొనుమంటుండు (ఏది అడిగినా అదే అంటడు). వైరు మార్చాల్నా, యూఎస్‌బీ లాన్ అడాప్టరు పెట్టి చూడాల్నా? ముందుగల ఏది చేస్తే పైసలు దండుగ గావు?