మ్యూజియంలో తెర వెనుక పని ఎలా ఉంటుంది?

ప్రశ్న (అనంతపురం నుంచి):
నిమ్మలకుంట అనే ఊళ్లో చేసే తోలుబొమ్మలను మ్యూజియంలో అద్దాల వెనుక చూసినప్పటి నుంచి, వాటిని చెడకుండా కాపాడేవారు రోజూ ఏం చేస్తారో తెలుసుకోవాలని ఉంది. అనుభవజ్ఞులు చెప్పగలరా?

జవాబు:
నేను భద్రపరిచే విభాగంలో పనిచేస్తున్నానండి. గాలిలో తేమ పెరిగితే తోలుకు బూజు పడుతుంది, తగ్గితే బిరుసెక్కి వంకర తిరుగుతుంది కాబట్టి, పొద్దున్నే తేమ మీటరు చూసి రిజిస్టరులో రాసుకోవడంతోనే మా పని మొదలవుతుంది. ఆ తరువాత, బొమ్మల మీద నగల్లా కనిపించేలా కొట్టిన సన్నని చిల్లుల అంచులు చిరగకుండా మెత్తటి కుంచెతో దుమ్ము దులుపుతాం. రంగులు వెలిసిపోకుండా వెలుతురును 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటనివ్వం.

మరో ప్రశ్న (కడప నుంచి):
బొమ్మలు గీసే నాకు, ఆ చిల్లుల గుండా వచ్చే వెలుగు తెర మీద రావణుడి కిరీటంలా మెరవడమే గొప్ప ప్రేరణ. మ్యూజియంలో తోలుబొమ్మలను వేలాడదీసి ఉంచుతారా?

జవాబు:
లేదండి, పరిచే ఉంచుతాం. వేలాడదీస్తే బరువుకు కీళ్ల దగ్గర దారం లాగి తోలు చిరుగుతుంది.