చెనక్కాయలో మొవ్వు ఎండుతోంది: జొన్నాకు కషాయమా, కైటోసానా?

ప్రశ్న – కళ్యాణదుర్గం
అందరికీ నమస్కారం. నాలుగెకరాల్లో కదిరి లేపాక్షి రకం చెనక్కాయ వేసి ఈ రోజుకు తొమ్మిది రోజులు. మొలక బాగుంది. కానీ పోయినేడు ఇదే చేన్లో నెల తిరగకముందే మొవ్వులు ఎండి, కాండం నల్లగా మాడి, గట్టు పక్క సాళ్లకు సాళ్లే పోయాయి. ఆ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మందులంగట్లో కైటోసాన్ కొడితే చెట్టుకు రోగాన్ని తట్టుకునే శక్తి వస్తుందన్నారు. మా మామ జొన్నాకు కషాయం చాలంటాడు. ఎవరైనా కొట్టి చూశారా?

జవాబు – ఉరవకొండ
తమ్ముడూ, ఇది కాండం కుళ్లు వైరస్ లాగుంది. 2000 ఖరీఫ్‌లో మన జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతిన్నది దీనికే. అప్పుడు మా నాన్న ఒక చెట్టు పీకి నా చేతిలో పెట్టాడు. మొవ్వు తల వాల్చేసింది, కాండాన్ని గోటితో చీలిస్తే లోపలంతా గోధుమరంగు చార. పదునున్న నేలలో చెట్టెందుకు ఎండిందో ఆయనకు అంతుపట్టలేదు.

కషాయం నేను నాలుగేళ్లుగా కొడుతున్నా. అది వైరస్‌ను చంపే మందు కాదు. చెట్టును ముందే మేలుకొలుపుతుంది, అంతే. రోగం ఎక్కాక కొడితే నీళ్లు చల్లినట్టే. అందుకే విత్తిన పదో రోజు, మళ్లీ ఇరవయ్యో రోజు కొట్టాలి. అంటే నీకు రేపే.

ఎండిన జొన్నాకు దంచి, కిలో పొడికి రెండు లీటర్ల నీళ్లు పోసి, 60 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచు. చెయ్యి కాలాలి గానీ తెర్లకూడదు. పల్చటి గుడ్డలో వడగట్టి, నీళ్లు కలిపి పది లీటర్లు చేసుకో. ఎకరాకు 200 లీటర్లు, అంటే 20 కిలోల పొడి. నాలుగెకరాలకూ ఒక్క రోజులో కాదు. గట్టు పక్క ఎకరాతో మొదలుపెట్టు. రెండు సాళ్లు కొట్టకుండా వదిలెయ్, తేడా నీ కళ్లకే తెలుస్తుంది.

ఇంతకీ గట్టు మీద వయ్యారిభామ ఉందా? వైరస్ దాని పుప్పొడిలో ఉంటుంది, తామర పురుగులు చేన్లోకి మోసుకొస్తాయి. దాన్ని వదిలేసి ఏది కొట్టినా దండగే.

జవాబు – కదిరి, అగ్రికల్చర్ విద్యార్థి
అక్క చెప్పింది నిజం. కైటోసాన్‌ను రొయ్య పొట్టు నుంచి తీస్తారు. తెగులు తెచ్చే బూజుల గోడల్లోనూ అలాంటి పదార్థమే ఉంటుంది కాబట్టి, అది తగలగానే బూజు పడిందనుకుని చెట్టు రక్షణకు దిగుతుంది. మీ చేన్లో అనుమానం వైరస్ మీద, బూజు మీద కాదు. నన్నడిగితే కైటోసాన్ డబ్బు తిక్కాకు మచ్చ లాంటి బూజు తెగులు కోసం దాచుకోండి.

ఇంకోటి, ఆస్పిరిన్ మాత్రలు కలిపి కొట్టమని వాట్సాప్‌లో తిరుగుతోంది. దానికి మూలం ఉంది: 1979లో పొగాకు ఆకుల్లోకి ఆస్పిరిన్ ఎక్కిస్తే మొజాయిక్ వైరస్ మచ్చలు తగ్గాయి. చెట్టు రోగం నుంచి రక్షణకు తనలో తానే తయారుచేసుకునే సాలిసిలిక్ ఆమ్లానికి అది దగ్గరి చుట్టం. కానీ మోతాదు మించితే ఆకు మాడుతుంది, చెట్టు గిడసబారుతుంది. దయచేసి ఆ పని చేయకండి అన్నా.

కళ్యాణదుర్గం
అక్కా, ఇప్పుడే పోయి చూశాను. గట్టు పొడవునా మోకాలెత్తు వయ్యారిభామ, సగం పూసేసింది. పీకితే పుప్పొడి చేన్లో రాలదా?

ఉరవకొండ
రాలుతుంది. పొద్దున్నే మంచు తడి ఉండగా పీకు, పూత మీద తడి గోనెసంచి కప్పి లాగు. చేతులకు కవర్లు తొడుక్కో, దురద పెడుతుంది. పీకింది గట్టు మీదే పడెయ్యొద్దు.

కళ్యాణదుర్గం
సరే అక్కా. మామ జొన్నాకు దంచుతున్నాడు. పొద్దున నేను గట్టు మీదికి పోతా.