క్రాన్‌బెర్రీని ‘కోస్తారా’?

అందరికీ నమస్కారం. ఒక్క క్రియాపదం కోసం వచ్చాను. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మేముండేది అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలో, కేప్‌కాడ్‌కి దగ్గర. ఇక్కడి శనివారం తెలుగు బడి పిల్లలకోసం మా ప్రాంతపు పంట మీద రెండు పేజీల పాఠం రాస్తున్నాను. పిల్లలు రోజూ బడి బస్సులోంచి చూసే పంటే, క్రాన్‌బెర్రీ అనే పుల్లటి ఎర్ర పండు. “సెప్టెంబరు నెల సగమయ్యాక క్రాన్‌బెర్రీ కోతలు మొదలవుతాయి” అని మొదటి వాక్యం రాసి అక్కడే ఆగిపోయాను. అక్కడ కోసేదేమీ లేదు. కొడవలి లేదు, కత్తి లేదు, కాయను చేత్తో తుంచడమూ లేదు.

పోనీ ‘నీటి కోత’ అందామా అంటే, మనకు ఆ మాట వినగానే గట్టు తెగడమో, నది ఒడ్డును తినేయడమో గుర్తొస్తుంది. ఈమధ్య కుళాయిలు రాని రోజును కూడా అలాగే అంటున్నారు.

అక్కడ జరిగేది చెబుతాను. క్రాన్‌బెర్రీ చెట్టు కాదు, నేలబారున పాకే సన్నని తీగ. ఆకులు చిన్నవి, ఏడాది పొడుగునా ఉంటాయి. తీగ మీంచి జానెడు కూడా లేని రెమ్మలు నిటారుగా లేస్తాయి, పూతా కాతా వాటికే. పండు తయారయ్యాక మడిలోకి నీళ్లు వదులుతారు. తీగ మునిగేదాకా నీళ్లు వచ్చాక ఒక యంత్రం మెల్లగా తిరుగుతుంది. దాని ముందున్న చట్రాలు నీళ్లను చిలుకుతూ పోతుంటే ఆ అదురుకు కాయలు తొడిమ విడిచి పైకి తేలతాయి. అప్పుడు నీటిని ఇంకా పెంచుతారు, మోకాలు దాకా వస్తుంది. రొమ్ముదాకా రబ్బరు తొడుగులు వేసుకున్న మనుషులు మడిలోకి దిగి, తేలే కంచెతో కాయలన్నిటినీ చుట్టేసి, చుట్టు బిగిస్తూ ఒక మూలకు తెస్తారు. అక్కడినుంచి గొట్టంతో లాగి లారీకి ఎక్కిస్తారు. ఒడ్డున నిలబడి చూస్తే నీళ్ల మీద ఎర్ర తివాచీ కదిలొస్తున్నట్టు ఉంటుంది.

కాయ ఎందుకు తేలుతుందో పోయినేడాది మా నాన్నగారు చూపించారు. ఆయనది తెనాలి వైపు, యాభై ఏళ్లు వరి పండించిన మనిషి. ఒక కాయ తీసుకుని చాకుతో అడ్డంగా కోసి నా అరచేతిలో పెట్టారు. లోపల నాలుగు గదులు, నాలుగూ గుల్ల. చిన్న చిన్న గింజలు గోడలకు అంటుకుని ఉన్నాయి. “గాలి నింపుకుని పుట్టిందమ్మా ఇది, మునగమన్నా మునగదు” అన్నారు.

ఆ రోజు ఆయన నాకు ఇంకో మాట ఇచ్చారు. ఇంగ్లీషులో ఈ పొలాన్ని పిలిచే ‘బాగ్’ అనే మాటకు మన నిఘంటువుల్లో ‘ఊబి’, ‘బురదనేల’ అని ఉంటుంది. నేను పాఠంలో ఊబి అనే రాసుకున్నాను. నాన్నగారు గట్టు మీద నడుస్తూ తూము దగ్గర ఆగారు. పలక మీద పలక పేర్చి నీటి మట్టం పెంచడం చూశారు. పని అయిపోయిన మడిలోంచి నీళ్లను పక్క మడికి వదలడం చూశారు. “ఊబేంటమ్మా, మనుషుల్ని మింగేస్తుందా? ఇవి మళ్లే కదా. చదును చేసి, గట్లు పోసి, కాలవలు తీసి, తూములు పెట్టారు” అన్నారు. ఇంటికొచ్చి ఊబి కొట్టేసి ‘మడి’ అని రాశాను. అక్కడినుంచి పాఠమంతా తేలికైంది.

ఇంకో మాట కూడా ఆయనదే. ఇక్కడ కొన్నేళ్లకోసారి తీగల మీద పలచగా ఇసుక పరుస్తారు. ఇసుక పడ్డచోట తీగ వేళ్లు వేసి కొత్త రెమ్మలు పుడతాయి, పురుగూ తగ్గుతుంది. కేప్‌కాడ్‌లోని డెన్నిస్‌లో 1816లో హెన్రీ హాల్ అనే ఆయన, గాలికి ఇసుక కొట్టుకొచ్చి పడ్డ తీగలే బాగా కాయడం గమనించాడు. ఈ పంట సాగు అలా మొదలైంది. చలికాలంలో మడిని నింపి, నీళ్లు గడ్డకట్టాక ఆ మంచు మీదికే బండ్లు తోలి ఇసుక పరుస్తారు. మంచు కరిగితే ఇసుక దానంతటదే తీగల మీద సర్దుకుంటుంది. నేను “ఇసుక పొర వేయుట” అని రాస్తే, నాన్నగారు “ఇసుక తోలతారు అను” అన్నారు. చేలకు చెరువు మట్టి తోలినట్టే.

మడి కుదిరింది, తోలడం కుదిరింది. ఆ కోత ఒక్కటే కుదరలేదు. మీరేమంటారు?

—

మొదటి జవాబు, గుంటూరు నుంచి:

అక్కా, అసలు పండు పేరే తెలుగు చేసేయకూడదూ? వాక్కాయ అనండి. న్యూజెర్సీలో మా వదిన క్రాన్‌బెర్రీ పప్పు చేసి “వాక్కాయ పప్పు” అనే వడ్డిస్తుంది. నాకు తేడా తెలియలేదు.

—

ప్రశ్న అడిగినవారు:

మా ఇంట్లోనూ అంతే చెల్లీ. నవంబరులో పళ్లు చవగ్గా వచ్చినప్పుడు పప్పు, పచ్చడి, పులిహోర అన్నీ చేస్తాను. ఆ పులుపు, ఆ కాస్త వగరు వాక్కాయను గుర్తుకు తెస్తాయి. వంటింట్లో ఒకదాని బదులు ఇంకొకటి వాడడానికి నాకే అభ్యంతరమూ లేదు.

పాఠంలో మాత్రం వద్దు. వాక్కాయ, కొన్నిచోట్ల కలివికాయ అంటారు చూడండి, అది ముళ్లపొద. గిల్లితే పాలు కారతాయి, ఎండకూ రాతినేలకూ తట్టుకుంటుంది. క్రాన్‌బెర్రీకి చలి కావాలి, పుల్లటి నేల కావాలి. రెండూ ఒకే పేరుతో ఉంటే పిల్లాడు సెలవులకు మీ ఊరొచ్చి వాక్కాయ పొద దగ్గర నీళ్లెక్కడని వెతుక్కుంటాడు. అదీగాక క్రాన్‌బెర్రీ అనే పేరులో ఒక పక్షి ఉంది, ఇంగ్లీషులో ‘క్రేన్’. పూరేకులు వెనక్కి మడుచుకుని, మధ్యలో ముక్కులా పొడుచుకొచ్చి, పువ్వు ఒక పొడుగు మెడ పక్షి తలలా ఉంటుందని యూరప్ నుంచి వచ్చినవాళ్లు ఆ పేరు పెట్టారంటారు. ఆ పక్షి మన కొంగ కాదు. తెలుగులో దానికి ‘బెగ్గురు’ అనే మంచి పాత మాట ఉంది, ఇప్పుడెవరూ వాడడం లేదు. పేరును క్రాన్‌బెర్రీగానే ఉంచి, పక్కన బెగ్గురు కథ చెబుతాను. వాళ్లకన్నా ముందు ఇక్కడి వాంపనోగ్ జనానికి ఈ పండు తెలుసు, వాళ్ల భాషలో దానికి వేరే పేరుంది. అదీ చెబుతాను.

—

రెండో జవాబు, కరీంనగర్ నుంచి:

అక్కా, మీ తిప్పలు కోత అనే మాటతోటి వచ్చినయి. మా దిక్కు అన్నిటికీ కోత అనరు. వరికి కోత. కూరగాయలు తెంపుతరు. పత్తి ఏరుతరు. పల్లికాయ పీకుతరు. చింతకాయనైతే దులుపుతరు. చెయ్యి ఎట్ల కదిలితే అదే మాట. మీరు చెప్పినదాంట్ల కొమ్మను కదిలిస్తే కాయ రాలుతున్నది గదా, అది దులుపుడే. చింతకాయ కింద పడుతది, మీది మీదికి తేలుతది, గంతే ఫరక్.

—

ప్రశ్న అడిగినవారు:

తమ్ముడూ, నీకు వంద దండాలు. “చెయ్యి ఎట్ల కదిలితే అదే మాట” అన్నావు, దీన్నే పట్టుకోలేక నెల రోజులు తిరిగాను. ఇంగ్లీషులో అన్ని పంటలకూ ఒకటే మాట, నేను దానికి సరిపోయే ఒకటే తెలుగు మాట వెతుక్కుంటూ కూర్చున్నాను. మా అమ్మమ్మ కూడా చింతకాయ దులపడమే అనేది. ఏటా విన్న మాట, ఎందుకు గుర్తుకు రాలేదో.

—

మూడో జవాబు, చీరాల దగ్గరి తీరం నుంచి:

అమ్మా, మీరు రాసిన ‘తేలే కంచె’ గురించి. చుట్టూ తిప్పి, రెండు కొసలూ పట్టి, చుట్టు చిన్నది చేసుకుంటూ ఒడ్డుకు తేవడం మా వాళ్లు అలివి వలతో చేసే పనే. దాన్ని అలివి లాగడం అంటాం. మీది వల కాదు, తెలుసు. కానీ ‘లాగడం’ వాడండి. ‘సేకరించడం’ రాయొద్దు, బరువు తెలియదు.

—

నాలుగో జవాబు, రిటైరైన తెలుగు మాస్టారు:

చిరంజీవి సౌభాగ్యవతికి ఆశీస్సులు. మడి బాగుంది. ఒక్క హెచ్చరిక. మడి అనగానే మన పిల్లల కంటికి నిలవ నీళ్లలో వరి కనబడుతుంది. క్రాన్‌బెర్రీ కూడా నీళ్లలోనే పెరుగుతుందనుకుంటారు. ఫోటోలు చూసి ఇప్పటికే చాలామంది అలాగే అనుకుంటున్నారు. ఇంకొకటి, ఈ పండంతా నీళ్లు పెట్టే తీస్తారా? దుకాణంలో పచ్చి పండు పొడిగా ఉంటుందే?

—

ప్రశ్న అడిగినవారు:

మాస్టారూ, రెండూ అడగవలసినవే. నీళ్లలో పెరగదు. పెరిగే కాలమంతా తీగ ఆరిన నేల మీదే ఉంటుంది. దాహం తీరడానికి నీళ్లు చిమ్ముతారు. వసంతంలో రాత్రి మంచు పడేలా ఉంటే లేత మొగ్గలు మాడిపోకుండా తెల్లవార్లూ చిమ్ముతారు. నీరు గడ్డకట్టేటప్పుడు విడిచే వేడి మొగ్గను కాస్తుంది. మడి నింపేది ముఖ్యంగా రెండుసార్లు, పండు తీసేటప్పుడూ, చలికి కప్పడానికీ. మీ మాట ప్రకారం ‘నీళ్లు నింపి’ అని ప్రతిచోటా విడిగా రాస్తాను, మడిలో నీళ్లు ఎప్పుడూ ఉన్నట్టు అనిపించకుండా.

పచ్చిగా అమ్మే పండు వేరేగా తీస్తారు, అది మొత్తంలో కొంచెమే. తడి తగిలితే నిలవుండదు కాబట్టి మంచు తడి ఆరాక, దువ్వెనలాంటి పళ్లున్న యంత్రాన్ని తీగల మీదుగా నెట్టుకుంటూ వెళతారు. అంతకుముందు చెక్కతో చేసిన చేతి పనిముట్టు ఉండేది. ఇక్కడి ఒక మ్యూజియంలో పట్టుకుని చూశాను. చేటంత వెడల్పు, ముందు వరసగా పొడుగాటి చెక్క పళ్లు. తీగలోకి గుచ్చి వెనక్కి లాగితే ఆకు జారిపోయి కాయ లోపల పడుతుంది. దువ్వెన పని. మోకాళ్ల మీద కూర్చుని రోజంతా దువ్వేవాళ్లు. చెక్క పళ్లు చేతులు తగిలి తగిలి నున్నగా అయిపోయి ఉన్నాయి.

కాబట్టి పొడి పంటకు ‘దువ్వడం’, తడి పంటకు ‘దులపడం’. ఇలా మార్చాను, తప్పులుంటే దిద్దండి:

“సెప్టెంబరు నెల సగమయ్యాక క్రాన్‌బెర్రీ మళ్లలో పని మొదలవుతుంది. పచ్చిగా అమ్మే పండును ముందు తీగ మీంచి దువ్వుతారు. రసానికీ, ఎండబెట్టడానికీ పోయే పండుకు మడిలో నీళ్లు నింపి, తీగను దులుపుతారు. కాయలు తేలతాయి. వాటిని చుట్టి ఒడ్డుకు లాగుతారు.”

నాన్నగారికి ఫోన్లో చదివి వినిపించాను. “తూము సంగతి రాయలేదేం?” అన్నారు. రాస్తున్నాను.