మూడో వంతు వాటా, కోట మొత్తం స్వాధీనం: హౌవెన్‌స్టైన్ తగాదాలో తప్పెవరిది?

పాత_దస్తావేజు:
ఓస్వాల్డ్ ఫన్ వోల్కెన్‌స్టైన్ (మరణం 1445) ఆల్ప్స్ పర్వతాల్లోని టిరోల్ కొండల్లో చిన్న ప్రభువు, పాటలు కట్టినవాడు. తండ్రి పోయాక ఆస్తి కొన్నేళ్ళు అన్న మిఖాయెల్ చేతిలోనే ఉంది. 1407లో ముగ్గురు అన్నదమ్ములూ పంచుకుంటే, ఓస్వాల్డ్‌కి హౌవెన్‌స్టైన్ కోటలో మూడో వంతు, చుట్టుపక్కల కొన్ని పొలాల రాబడి వచ్చాయి. కోటలో మిగతా రెండు వంతులు మార్టిన్ యేగర్, అతని భార్య బార్బరాలవి. ఓస్వాల్డ్ కోటంతా స్వాధీనం చేసుకుని వాళ్ళ రాబడి కూడా ఆపేశాడు. ఇది కబ్జానా, ఉమ్మడి హక్కు వాడుకోవడమా?

శిస్తు_లెక్క:
కబ్జానే. బండరాయి మీద కట్టిన చిన్న కోటని మూడు ముక్కలు చెయ్యలేరు, ఒప్పుకుంటాను. వాటాదారుల్లో ఒకరు అందులో కాపురముంటే తప్పు లేదు. కానీ రాబడికి ఆ చిక్కు లేదు కదా! వసూలైనదాంట్లో రెండు పాళ్ళు అవతలికి పంపితే సరిపోయేది. పంపలేదంటే అది వాటా గురించిన అపోహ కాదు, తెలిసి చేసిన పని.

గోడ_అవతల:
అలాగైతే యేగర్ పక్షం చేసిందేమిటి? 1421లో తీర్థయాత్ర నెపంతో, ఓస్వాల్డ్ పాత ప్రియురాలు ఆన్నా హౌస్మాన్ ద్వారా రప్పించి పట్టుకున్నారు. మెరాన్ దగ్గర ఫోర్స్ట్ కోటలో బంధించి హింసించారు. నాలుగు వేల మార్కుల డబ్బూ హౌవెన్‌స్టైనూ అడిగారని ఓస్వాల్డే పాటలో చెప్పుకున్నాడు. వాటా కోరేవాళ్ళు అడిగే లెక్కా ఇది?

శిస్తు_లెక్క:
పాటలో అంకెని పత్రంలో అంకెలా చదవకూడదండీ. అది బాధితుడి మాట, జాలి పుట్టించడానికి కట్టినది. హింసని మాత్రం నేను సమర్థించను. అయితే దానివల్ల యేగర్ హక్కు చెరిగిపోదు.

మూడో_పాలివాడు:
ఇద్దరూ టిరోల్ పాలకుడు డ్యూక్ ఫ్రీడ్రిష్‌ని వదిలేస్తున్నారు. వోల్కెన్‌స్టైన్ అన్నదమ్ములు 1406లోనే ఏనుగు గుర్తుతో ఏర్పడిన ప్రభువుల కూటమిలో ఉన్నారు, డ్యూక్‌కి ఆ కూటమంటే గిట్టదు. అందుకే 1421 డిసెంబరులో ఖైదీని ఇన్స్‌బ్రుక్ తెప్పించుకున్నాడు. 1422 మార్చిలో వదిలినప్పుడు 6,000 డ్యూకాట్ల (బంగారు నాణేల) జామీను రాయించుకున్నాడు. ఆ కాగితం డ్యూక్ చేతిలో ఉన్నంతకాలం ఓస్వాల్డ్ మెడకి తాడున్నట్టే. వాటా తగాదా కాస్తా ప్రభువుకీ సామంతుడికీ మధ్య తగాదా అయింది అక్కడే.

పాత_దస్తావేజు:
మరి 1427 ఒప్పందం ఎవరి పక్షం?

మూడో_పాలివాడు:
అంతకుముందు ఓస్వాల్డ్ దేశం దాటబోయి దొరికిపోయాడు, మళ్ళీ చెరలో ఉన్నాడు. ఆ స్థితిలో మే 1న కుదిరింది: యేగర్‌కి 500 గుల్డెన్లు (ఇవీ బంగారు నాణేలే) ఇవ్వాలి, కోట మొత్తం ఓస్వాల్డ్‌కి. పగ తీర్చుకోనని ప్రమాణం కూడా చేయించారు. డబ్బు కట్టించారంటే యేగర్ హక్కుని గుర్తించినట్టే, ఇందులో శిస్తు_లెక్క గారి వాదన నిలుస్తుంది.

శిస్తు_లెక్క:
నిలుస్తుంది గానీ ధర చూడండి. 1415లో జర్మన్ రాజు సిగిస్మండ్ ఓస్వాల్డ్‌కి రాసిచ్చిన జీతం ఏడాదికి 300 హంగేరియన్ గుల్డెన్లు. నాణెం రకం వేరైనా, రెండేళ్ళ జీతం కూడా కాని సొమ్ముతో రెండు వంతుల కోట, ఏళ్ళ తరబడి ఆపిన రాబడి తాలూకు బాకీ రెండూ తీరిపోయాయి. చెరలో కూర్చుని రాసినా, ఆ కాగితంలో నష్టపోయింది యేగరే.