అనుదిన ఆటంకాల మధ్య గురి మీద దృష్టి నిలుపుకోవడం ఎలా? మీ అనుభవాలు పంచుకోండి

ఆవగింజ:
ప్రభువైన యేసుక్రీస్తు నామమున అందరికీ వందనాలు. పెద్ద శోధనలు ఎదురైనప్పుడు విశ్వాసంలో ఎలా నిలబడాలో మనం ప్రసంగాల్లో తరచుగా వింటూనే ఉంటాం. నేను అడుగుతున్నది అంతకంటే చిన్నదిగా కనిపించే విషయమే గాని, కొంతకాలంగా నన్ను ఎక్కువగా కుంగదీస్తున్నది అదే. మధ్యలో ఆగిపోయిన డిగ్రీని ఉద్యోగం చేసుకుంటూనే పూర్తి చేసి, ఆ తరువాత వినికిడి లోపం ఉన్న పిల్లలకు పాఠాలు చెప్పే శిక్షణ తీసుకోవాలన్నది నేను ఎంతోకాలంగా ప్రార్థనలో పెట్టుకున్న కోరిక. ఈ భారాన్ని ప్రభువే నా హృదయంలో ఉంచాడని నమ్ముతున్నాను. బిడ్డకు జ్వరం రావడం, ఆఫీసులో అదనపు పని పడడం, ఫీజు కోసం దాచిన డబ్బు ఇంటి అవసరానికి ఖర్చయిపోవడం, ఇలాంటివి ఒకదాని వెనుక ఒకటి వస్తూ ఉండడంతో వారం గడిచేసరికి పుస్తకం మొదటి పేజీల దగ్గరే నిలిచిపోతోంది. ఇలాంటి దశ దాటి వచ్చినవారు దయచేసి వివరంగా రాయండి. ప్రార్థించమని మాత్రమే చెప్పి ఆపకుండా, ప్రార్థన తరువాత మీరు ఏం చేశారో కూడా చెబితే నాకు మేలు కలుగుతుంది.

ఒలీవకొమ్మ:
సహోదరీ, వందనాలు. మీ ప్రశ్న చదవగానే నాకు బైబిలులోని నెహెమ్యా గుర్తుకు వచ్చాడు, ఎందుకంటే ఆయన గ్రంథంలో ప్రార్థన, పని అనే రెండూ ఎక్కడా విడివిడిగా కనిపించవు. యెరూషలేము గోడలు కూలి ఉన్నాయన్న వార్త ఆయనకు కిస్లేవు నెలలో అందింది. పారసీక రాజైన అర్తహషస్తను అడిగే అవకాశం నీసాను నెలలో గాని రాలేదు. అంటే దాదాపు నాలుగు నెలలపాటు ఆయన రాజుకు ద్రాక్షారసం అందించే తన ఉద్యోగం చేసుకుంటూనే ఆ భారాన్ని ప్రార్థనలో మోశాడు. ఆ నాలుగు నెలలు వృథా కాలేదు. ఎన్నాళ్ల సెలవు కావాలో, ఏ అధికారులకు లేఖలు కావాలో, కలప ఎవరిని అడగాలో రాజు ఎదుట ఆయన తడుముకోకుండా చెప్పగలిగాడు.

ఇక పని మొదలయ్యాక వచ్చిన ఆటంకాలను చూడండి. గోడ సగం ఎత్తు లేచేసరికి బరువులు మోసేవారి బలం తగ్గిపోయిందనీ, చెత్త విస్తారంగా ఉందనీ యూదావారే అన్నారు (4:10). బయటి శత్రువుల బెదిరింపులతోపాటు కళ్లెదుట కుప్పలుగా పడివున్న శిథిలాలు కూడా వారిని నీరసింపజేశాయి. మీరు చెప్పిన జ్వరాలు, ఖర్చులు, అదనపు పనులు నాకు అలాంటివిగానే కనిపిస్తున్నాయి. దానికి ముందు వచనంలో, శత్రువుల కుట్ర తెలిసినప్పుడు వారు దేవునికి ప్రార్థన చేసి, రాత్రింబగళ్లు కావలి కూడా పెట్టారు (4:9). ఆ ఒక్క వచనంలో మీరు అడిగిన రెండు సంగతులూ ఉన్నాయి.

మూడవ అధ్యాయాన్ని చాలామంది పేర్ల పట్టిక అనుకొని దాటవేస్తారు గాని, నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చినది అదే. పనివారిలో పలువురు తమ తమ ఇళ్లకు ఎదురుగా ఉన్న భాగాన్నే కట్టారని అక్కడ పదే పదే రాసి ఉంది. పట్టణమంతటి ప్రాకారం భారం ఏ ఒక్కరి మీదా పడలేదు. నేను చిన్న వ్యాపారం నష్టపోయి, బాకీలు తీర్చుకుంటూ మళ్లీ నిలదొక్కుకోవడానికి పాటుపడిన కాలంలో, మొత్తం బాకీని తలుచుకుంటే నిద్ర పట్టేది కాదు. అందుకే నోట్‌బుక్‌లో ఎడమవైపు ఆ ఉదయం చదివిన వాక్యాన్ని, కుడివైపు మరుసటి రోజు తప్పనిసరిగా చేయవలసిన ఒకే ఒక్క పనిని రాసుకునేవాడిని. ఒకరికి ఫోన్ చేసి గడువు అడగడం, ఒక పాత బిల్లు వసూలు చేయడం, అంతటి చిన్న పనులే. ఆ ఒక్క పని పూర్తయితే ఆ రోజు గోడలో నా వంతు భాగం లేచినట్టే భావించి ప్రభువుకు స్తుతులు చెల్లించేవాడిని. బాకీ తీరడానికి చాలాకాలం పట్టింది గాని, దిక్కుతోచక కూర్చుండిపోయే రోజులు మాత్రం తగ్గిపోయాయి.

యొర్దాను తీరం:
అన్నయ్య రాసినదానితో ఏకీభవిస్తూనే మరొక సంగతి చేర్చాలనుకుంటున్నాను. అలసటను అవిశ్వాసంగా భావించి మనల్ని మనమే నిందించుకునే ప్రమాదం ఉంది. మంచం పట్టిన మా నాన్నగారికి సేవ చేస్తూ, మరోవైపు వృత్తి పరీక్షలకు సిద్ధపడుతున్న రోజుల్లో నాకు ప్రార్థించడానికి కూడా మాటలు వచ్చేవి కావు. అప్పుడు మా పాస్టర్ గారు మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తెరిచి, ఏలీయాకు దేవుడు మొదట ఏమి ఇచ్చాడో చూడమన్నారు. చావు కోరుకుంటూ బదరీవృక్షం క్రింద పడుకున్న ప్రవక్తను దేవదూత గద్దించలేదు. నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్లు అతని తల దగ్గర ఉంచి, తట్టి లేపి తినమన్నాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండవసారి వచ్చి లేపినప్పుడు, నీ ప్రయాణం నీ శక్తికి మించినదని చెప్పాడు. ఆ తరువాతే హోరేబు వరకు నలభై రాత్రింబగళ్ల నడక, ఆ నడక తరువాతే కొత్త పని.

ఆ రోజు నుండి వారంలో ఒక రాత్రి నాన్నగారి దగ్గర ఉండే బాధ్యతను మా తమ్ముడు తీసుకున్నాడు, ఆ రాత్రి నేను చదువు కూడా పెట్టుకోకుండా నిద్రపోయేవాడిని. సహోదరీ, మీ ఇంట్లో ఆ ఒక్క రాత్రి మీకు ఇవ్వగలిగినవారు ఎవరైనా ఉన్నారేమో చూడండి.

దీపస్తంభం:
ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే చర్చ అసంపూర్ణమవుతుందని నా అభిప్రాయం. పౌలు గురియొద్దకు పరుగెత్తుతున్నానని ఫిలిప్పీ సంఘానికి రాసిన మాటను మనం ఉద్యోగాలకూ పరీక్షలకూ అన్వయిస్తూ ఉంటాం. ఆయన ఆ పత్రికను బంధకాల్లో ఉండి రాశాడు, ఆయన చెప్పిన గురి క్రీస్తును ఎరుగుట, ఆ ఉన్నతమైన పిలుపుకు కలుగు బహుమానం. యిర్మీయా 29:11 విషయంలోనూ ఇదే జరుగుతోంది. బబులోనుకు చెరపోయినవారికి పంపిన ఆ లేఖలో పదవ వచనం డెబ్బది సంవత్సరాల గడువు చెబుతుంది, అయిదవ వచనం ఈలోగా ఇళ్లు కట్టుకొని తోటలు నాటుకొమ్మంటుంది. మన లక్ష్యాలు మంచివే కావచ్చు, అయినా అవి ఆ పెద్ద గురి క్రింద ఉండవలసినవే. అలా ఉంచినప్పుడు ఒక పరీక్ష తప్పితే దుఃఖం కలుగుతుంది గాని, జీవితమే ముగిసిపోయినట్టు అనిపించదు.

ఆవగింజ:
సహోదరుడు దీపస్తంభం గారూ, ఈ మాట నాకు చాలా అవసరమైనది. అయితే ఇందులోనే నాకు మరో సందేహం ఉంది. వరుసగా ఆటంకాలు వస్తున్నప్పుడు అది ఓర్చుకొని సాగవలసిన కష్టమో, దేవుడే దారి మళ్లిస్తున్నాడో ఎలా తెలుసుకోవాలి?

దీపస్తంభం:
దీనికి ఒక్క మాటలో జవాబు ఇవ్వడం నిజాయితీ కాదు. పౌలు జీవితంలో రెండూ జరిగాయి. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఆసియలో వాక్యం చెప్పకుండా పరిశుద్ధాత్మ ఆటంకపరిచాడు, బితూనియకు వెళ్లబోతే యేసు ఆత్మ వెళ్లనివ్వలేదు. త్రోయలో దర్శనం కలిగాక మాసిదోనియకు వెళ్లవలసి ఉందని అర్థమైంది. అక్కడ ఆయన మార్గం మారింది గాని, సువార్త ప్రకటించే పిలుపు మారలేదు. రోమా విషయంలో ఇందుకు భిన్నంగా జరిగింది. రావాలని ఎన్నో పర్యాయాలు ఉద్దేశించి ఆటంకపడ్డానని ఆయన స్వయంగా రాశాడు (రోమీయులకు 1:13), అయినా ఆ కోరిక విడిచిపెట్టలేదు. చివరికి ఖైదీగా, కైసరయలో రెండేళ్లు గడిపి, ఓడ బద్దలై, మెలితే ద్వీపంలో మూడు నెలలు ఆగి అక్కడికి చేరాడు.

నా అనుభవంలో నన్ను నేను వేసుకున్న ప్రశ్నలు ఇవి. ఈ లక్ష్యాన్ని విడిచిపెడితే నాకు కలిగేది సమాధానమా, లేక కేవలం విశ్రాంతి దొరికిందన్న ఉపశమనమా? వాక్యం ఎరిగి, నా మెప్పు కోరని ఇద్దరు ముగ్గురు పెద్దలు ఏమంటున్నారు? ఈ పనికోసం నా ఇంటివారి పట్ల నా ధర్మాన్ని తప్పవలసి వస్తోందా? ఒక ఉద్యోగం కోసం చాలాకాలం ప్రయత్నించి, ఈ ప్రశ్నలను ప్రార్థనాపూర్వకంగా పరిశీలించిన తరువాత నేను దారి మార్చుకున్నాను. బోధించాలన్న కోరిక మాత్రం అలాగే ఉండిపోయి, సాయంత్రాల్లో పిల్లలకు ఉచితంగా లెక్కలు చెప్పే పనిగా నెరవేరింది. మీ విషయంలో అయితే, మీరు చెప్పిన ఆటంకాల్లో ఏదీ మూసిన తలుపులా నాకు అనిపించడం లేదు. అవి ఆలస్యాలే.

పాత గ్రంథాలయం:
ఆలస్యాల గురించి మాట్లాడుతున్నారు గనుక ఒక చరిత్ర విషయం. ఇంగ్లండుకు చెందిన మిషనరీ విలియం కేరీ 1793లో భారతదేశానికి వచ్చారు. ఆయన సహచరులతో కలిసి నడిపిన బెంగాల్‌లోని శ్రీరాంపూర్ ముద్రణాలయంలో 1812 మార్చి 11న అగ్నిప్రమాదం జరిగి, ఏళ్ల తరబడి కూర్చిన బహుభాషా నిఘంటువు రాతప్రతితోపాటు ఎన్నో అనువాదాలు కాలిపోయాయి. అక్షరాలు పోత పోయడానికి వాడే ఉక్కు అచ్చులు మాత్రం బూడిదలో చెడకుండా దొరికాయి. వాటితోనే కొత్త అక్షరాలు పోసి ముద్రణ మళ్లీ ప్రారంభించారు. కేరీ రాసిన తెలుగు వ్యాకరణం 1814లో వెలువడింది. నష్టం జరిగిన తరువాత ఇంకా చేతిలో ఏమి మిగిలి ఉందో వెదకడం ఆయన జీవితం నుండి నేను నేర్చుకున్నది. నా విషయంలో అది ఒక పాత సర్టిఫికెట్, నన్ను మరచిపోని ఒక అధ్యాపకుడు. ఆ రెండింటితోనే చదువు తిరిగి మొదలుపెట్టగలిగాను.

ఉదయస్తుతి:
అక్కా, నేనూ ఇద్దరు బిడ్డల తల్లిని, నర్సింగ్ చదువు వారిని పెంచుతూనే పూర్తి చేశాను. మీ పరిస్థితికి దగ్గరగా ఉన్నది చెబుతాను. తీరిక ఉన్నప్పుడు పాఠాలను నా గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకునేదాన్ని. బాబుకు జ్వరం వచ్చిన రాత్రి ఒక చేత్తో నుదుటిమీద తడిగుడ్డ మారుస్తూ, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకొని మూత్రపిండాల పాఠం వింటూ కూర్చున్నాను. వాడు ఏడ్చినప్పుడల్లా ఆపేసి, నిద్రపోయాక మళ్లీ విన్నాను. ఆ రాత్రి నేర్చుకున్నది కొంచెమే, అయినా పాఠంతో సంబంధం తెగిపోలేదు. సంబంధం తెగిపోతే తిరిగి మొదలుపెట్టడానికి పట్టే శ్రమ చాలా ఎక్కువ.

బబులోను చెర నుండి తిరిగి వచ్చిన యూదులు యెరూషలేములో దేవాలయపు పునాది వేసిన తరువాత పని ఆగిపోయి, పారసీక రాజైన దర్యావేషు రెండవ సంవత్సరం వరకు, అంటే సుమారు పదహారేళ్లు కదలలేదు. హగ్గయి, జెకర్యా ప్రవచించాక పని తిరిగి మొదలై, అదే రాజు ఆరవ సంవత్సరంలో ముగిసింది. కార్యములు అల్పములై ఉన్న కాలాన్ని తృణీకరించవద్దన్న భావం జెకర్యా 4:10లో ఉంది. నేను పావుగంట చదివిన రోజుల్లో ఆ వచనాన్నే పట్టుకున్నాను.

మరొక సంగతి, ఫీజు డబ్బు ఇంట్లో ఉంటే అది తప్పకుండా మరో అవసరానికి వెళ్లిపోతుంది. నేను నెలనెలా కొంత మా సంఘంలోని ఒక నమ్మకమైన పెద్దమ్మగారి చేతిలో పెట్టి, ఆసుపత్రి అవసరమైతే తప్ప తిరిగి ఇవ్వవద్దని ముందే చెప్పాను. ఆమే ప్రతి శనివారం ఫోన్ చేసి, ఆ వారం ఏం చదివానో అడిగి నాతో ప్రార్థించేవారు.

ఆవగింజ:
అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఈ సాయంత్రం మావారితో కూర్చొని యొర్దాను తీరం గారు చెప్పిన ఆ ఒక్క రాత్రి గురించి మాట్లాడాను, గురువారం బిడ్డను తాను చూసుకుంటానన్నారు. చరిత్ర పాఠంలో మొదటి అధ్యాయాన్ని రికార్డు చేయడం కూడా మొదలుపెట్టాను. శనివారం ఫోన్ చేసి అడిగేవారు నాకు ఇంకా ఎవరూ లేరు. ఉదయస్తుతి చెల్లీ, మీకు వీలైతే ఆ బాధ్యత మీరే తీసుకుంటారా?

ఉదయస్తుతి:
తప్పకుండా, అక్కా. రాత్రి తొమ్మిది తరువాత అయితే నాకు వీలవుతుంది. నంబరు ఇక్కడ పెట్టకుండా వ్యక్తిగత సందేశంలో పంపండి, చదవబోయే పాఠాల పేర్లు కూడా దానితోపాటే రాయండి.