సైకిల్ మీద రహదారి దాటడానికి 13 సెకన్లు సరిపోతాయా?

లెక్కల టీచర్, విశాఖపట్నం

మా బడికి వెళ్లాలంటే జాతీయ రహదారిని అడ్డంగా దాటాలి. నేనూ సైకిల్ మీదే వెళ్తాను, మా పిల్లల్లో చాలామందీ అంతే. రహదారి మీద వెళ్లేవాళ్లకు పచ్చదీపం నిమిషానికి పైగా ఉంటుంది. మా అడ్డరోడ్డుకు 10 సెకన్లు, ఆపైన పసుపు 3 సెకన్లు. పసుపు ఆరీ ఆరగానే అటువైపు పచ్చ పడుతుంది. మధ్యలో ఒక్క సెకను తెరిపి లేదు.

మొన్న తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె మొదటి వరుసలోనే నిలబడింది. వెనక పుస్తకాల సంచి, హ్యాండిల్‌కు అన్నం క్యారేజీ. పచ్చ పడగానే తొక్కింది, ఏమీ ఆలస్యం చేయలేదు. డివైడర్ దాటి రెండో సగంలో ఉండగా లారీలు కదిలాయి. కాళ్లు కింద పెట్టి, సైకిల్‌ను గట్టిగా పట్టుకుని నడిరోడ్డులో నిలబడిపోయింది. బళ్లు రెండు పక్కలా పోతున్నాయి. క్యారేజీ ఊగుతూనే ఉంది. ఆ దృశ్యం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

ఆదివారం తెల్లవారుజామున మా అబ్బాయిని తోడు తీసుకుని టేపుతో కొలిచాను. ఆగే గీత నుంచి అవతలి అంచుకు 38 మీటర్లు. అర్జీలో “సమయం పెంచండి” అని ఊరికే రాయడం నాకిష్టం లేదు. ఎన్ని సెకన్లో లెక్కతో రాయాలి. ఆ లెక్క ఎలా కట్టాలో తెలిసినవారు చెప్పండి.

విశ్రాంత ఇంజనీరు, రాజమహేంద్రవరం

అమ్మా, నా ఉద్యోగంలో సగం సిగ్నళ్ల పనిలోనే గడిచింది. మీరు కొలత తీసి అడిగారు కాబట్టి లెక్క తేలిక. కాలిఫోర్నియాలో సైకిళ్ల కోసం పాటించే సూత్రం ఒకటుంది. ఆగి ఉన్న సైకిల్ కదిలి వేగం అందుకోవడానికి 6 సెకన్లు. తర్వాత, దాటాల్సిన దూరానికి సైకిల్ పొడవు 1.8 మీటర్లు కలిపి, సెకనుకు 4.5 మీటర్ల చొప్పున భాగించాలి. మీ కూడలికి 39.8ని భాగిస్తే 8.8. ఆరు కలిపితే దాదాపు 15. పచ్చ, పసుపు, ఆ తర్వాత అన్నివైపులా ఎరుపు ఉంచే వ్యవధి, మూడూ కలిసి ఇంతకు తగ్గకూడదు. మీ దగ్గర 13 ఉంది.

అయితే సెకనుకు 4.5 మీటర్లంటే గంటకు 16 కిలోమీటర్లు. సంచి మోసే పిల్ల అంత వేగం అందుకోలేదు. గంటకు 12 అనుకుంటే మొత్తం 18 సెకన్లు అవుతుంది. అదే అడగండి. పెంచే అయిదింటిలో రెండు సెకన్లు అన్నివైపులా ఎరుపుకే ఇమ్మనండి. చివరి క్షణంలో బయల్దేరినవాళ్లకు అదే దిక్కు. గంటకు 40 వేగంతో వచ్చే కారు ఆ 38 మీటర్లను మూడున్నర సెకన్లలో దాటేస్తుంది. పసుపుకు 3 సెకన్లు పెట్టింది కారును చూసే. పిల్లల సైకిల్‌కు అదే దూరం 11 సెకన్ల పని.

బస్సు డ్రైవర్

ఆ రహదారి మీద బస్సు నడిపేవాణ్ణి. పిల్లల బాధ నాకూ తెలుసు టీచర్ గారూ, రోజూ చూస్తాను. కానీ రోజంతా అయిదు సెకన్లు పోతే మా వెనక బారు పెరుగుతుంది. దానికి దారి ఉందా?

విశ్రాంత ఇంజనీరు, రాజమహేంద్రవరం

ఉంది. బడి వేళలకు వేరే సమయపట్టిక పెట్టవచ్చు. ఉదయం గంట, సాయంత్రం గంట. కొత్త స్తంభం అక్కర్లేదు, కంట్రోలర్‌లో అంకెలు మార్చాలి, అంతే. రోడ్డు కోసి తీగచుట్ట పరిస్తే సైకిల్ వచ్చినప్పుడే సమయం పెరిగేలా కూడా చేయవచ్చు. కాకపోతే చక్రం ఆ తీగ గీత మీదే నిలవాలి, పక్కకు జరిగితే తరచూ పసిగట్టదు. అందుకని నిలబడాల్సిన చోట సైకిల్ బొమ్మ గీయాలి. పిల్లలకు ముందు సమయపట్టికే మేలు.

కోపెన్‌హాగన్ నుంచి

ఇక్కడ నోరెబ్రోగేడ్ వీధిలో సిగ్నళ్లను గంటకు 20 కిలోమీటర్ల వేగానికి కూర్చారు. ఉదయం ఊళ్లోకి వచ్చేవారికి, సాయంత్రం ఇళ్లకు వెళ్లేవారికి. అదే వేగంలో తొక్కితే కాలు కింద పెట్టకుండా వరుసగా పచ్చదీపాలే వస్తాయి. మీకు వెంటనే పనికొచ్చేది ఇంకొకటుంది. చాలా కూడళ్లలో కార్ల కంటే కొన్ని సెకన్ల ముందే సైకిళ్లకు చిన్న దీపం పచ్చ పడుతుంది. ఆటోల మధ్య ఇరుక్కోకుండా పిల్లలు ముందుగా బయటపడతారు. అర్జీలో అది కూడా చేర్చండి మేడమ్.

లెక్కల టీచర్, విశాఖపట్నం

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, మీ 18 సరైనదో కాదో చూద్దామని మైదానంలో సున్నంతో 38 మీటర్లు గీశాం. సంచులు, క్యారేజీలతోనే, ఆగి ఉన్న చోటు నుంచి. 22 మంది తొక్కారు. 15 సెకన్లలోపు దాటింది ఆరుగురే. ఆ రోజు ఆగిపోయిన అమ్మాయికి 16 పట్టింది, అందరికంటే చిన్నదానికి 18. పట్టిక పిల్లల చేతే రాయించి, బడి వేళల సమయపట్టిక కావాలన్న మాటతో అర్జీకి జత చేశాను. సోమవారం ఇస్తాను.