చెయిన్ సా పళ్లు నీలం తిరుగుతున్నాయి: ఏ వీల్ వాడాలి, డ్రెస్సింగ్ ఎలా చేయాలి?

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా, సింగరాయకొండ దగ్గర. సుబాబుల్, జామాయిల్, సరుగుడు కోతకు వెళ్లేవాళ్ల చెయిన్లకు సాన పడుతుంటాను. తీరం వైపు కర్ర బెరడులో ఇసుక ఉంటుంది, అందుకే పళ్లు తొందరగా మొద్దుబారతాయి.

నా దగ్గరున్నది గులాబీ రంగు అల్యూమినియం ఆక్సైడ్ సాన వీల్, 145 మి.మీ. వ్యాసం, 3.2 మి.మీ. మందం. కొన్ని చెయిన్లు పట్టేసరికి అంచు అద్దంలా నున్నబడిపోతుంది. ఇక ఎంత తేలిగ్గా ఆనించినా పన్ను కొస నీలం తిరుగుతుంది. అలా మాడిన పన్ను మీద ఆకురాయి పట్టదు, జారిపోతుంది. కోతవాళ్లు అడవిలో మళ్లీ ఆకురాయి వేసుకోవాలి కదా, వాళ్లకు అదే పెద్ద ఇబ్బంది.

డ్రెస్సింగ్ రాయితో, అంటే వీల్ అంచును గీకి మళ్లీ గరుకుగా చేసే రాయితో, నున్నదనం పోతుంది, కానీ అంచు గుండ్రం చెడి పక్కకు వాలుతోంది. అది గుండ్రంగా లేకపోతే పన్ను కింద కొక్కెంలాంటి వంపు సరిగా రాదు. రాయిని ఏ వాటంలో పట్టుకోవాలి? వీల్ అంచు ఆకారం సరిచూసే గేజ్ పెట్టి ఎన్ని చెయిన్లకొకసారి చూస్తున్నారు?

ఇంకొకటి, త్రీ బై ఎయిట్ (3/8 అంగుళం పిచ్, అంటే లింకుల ఎడం కొలత) చెయిన్లకు 4.7 మి.మీ. వీల్ కొనాలి. గ్రిట్ (వీల్ గరుకుదనం నంబరు) 60 మంచిదా, 80 మంచిదా? సీబీఎన్ (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్ అనే చాలా గట్టి పదార్థం) వీల్‌కు డ్రెస్సింగే అక్కర్లేదు, వేడి తక్కువ అంటారు. ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. ఇసుక పట్టిన చెయిన్ల మీద వాడినవాళ్లుంటే ఎంతకాలం వచ్చిందో చెప్పండి. ఒంగోలు, నెల్లూరుల్లో దొరికే చోటు తెలిసినా పుణ్యం ఉంటుంది.